ఎవరి కంటికి ఎంత బెజ్జం

అజ్మతుల్లాకు చత్వారం వచ్చిందని మొదట కనిపెట్టింది గౌసియా. అందరికంటే చివర ఒప్పుకున్నది అజ్మతుల్లా. మధ్యలో రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లూ ఆమె భర్తను ఒక్క మాట అనలేదు. సరుకుల చీటీలో అక్షరాలు మాత్రం నెలనెలా కొంచెం కొంచెం చిన్నవి చేస్తూ పోయింది. మినుములకు బదులు మెంతులు తెచ్చిన నెలలో తృప్తిగా తలాడించి, మెంతులు డబ్బాలో పోసుకుంది. మగవాడు తన కళ్లు బాగున్నాయని నమ్ముకుని బతుకుతుంటే ఆ నమ్మకాన్ని చెడగొట్టడం భార్యాధర్మం కాదు. కళ్లు ఎంతవరకు చెడ్డాయో తెలుసుకుని ఉండడం మాత్రం భార్యాధర్మమేనని ఆమె ఉద్దేశం.

యాభై ఒకటో ఏట చత్వారం రావడం వింతేమీ కాదు. చిక్కంతా అతను చేసే పనితోనే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల కొట్ల వెనక విల్లులు అమ్మే దుకాణం ఒకటుంది. వెదురు విల్లులు కావు, రెండు చివర్లా చక్రాలు తిరిగే కొత్తకాలం విల్లులు. ఈ దేశంలో వేట నిషేధం. కాబట్టి సరదా ఉన్నవాళ్లు ఇక్కడ విల్లు కొని, ఇక్కడ గురి నేర్చుకుని, విమానమెక్కి నమీబియాకో మరో చోటికో పోయి వేటాడి వస్తారు. ఆ విల్లులకు నారి మార్చడం, గురి కుదర్చడం అజ్మతుల్లా పని.

ప్రొద్దుటూరు నుంచి ఏసీలు బాగుచేయడానికి వచ్చినవాడు ఇందులోకి రావడం కూడా ఒక విచిత్రమే. పదకొండేళ్ల కిందట ఆ దుకాణంలో నిచ్చెన మీద ఉండి, కింద ఎవరో నారి మీటితే విని, అది వదులుగా ఉందని చెప్పాడట. వాళ్ల తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. నారి మోత ఆ ఇంటి చెవుల్లోనే ఉంది. ముదీర్, అంటే దుకాణం మేనేజరు, అతన్ని నిచ్చెన దించి పనిబల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ బల్లే ఇప్పుడు ఊడిపోయేలా ఉంది.

విల్లు లాగినప్పుడు నారి కంటికి ఎదురుగా వచ్చే చోట చొక్కా గుండీ అంత బిళ్ల ఒకటి బిగిస్తారు. దాన్ని పీప్ అంటారు. నడుమ బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జంలోంచి చూస్తే ముందు విల్లుకున్న గుండ్రటి సైటు, దానిలో రంగురంగుల పిన్నులు, వాటికి అవతల మృగం కనబడాలి. అంగుళంలో ఎనిమిదో వంతు బెజ్జం అన్నిటికంటే చిన్నది, పావు అంగుళం పెద్దది, నడుమ ఇంకో సైజు. చిన్నదైతే గురి సూటిగా ఉంటుంది గానీ వెలుతురు రాదు. పెద్దదైతే వెలుతురు వస్తుంది గానీ గురి పక్కకు జారినా తెలియదు. గౌసియాకు ఇదంతా కంఠతా వచ్చు. పదకొండేళ్లుగా అన్నంతోపాటు వింటోంది.

కిందటి ఏడాది నుంచి అజ్మతుల్లా అందరికీ ఎనిమిదో వంతే పెడుతున్నాడు. ప్రతి విల్లునూ తనే లాగి, తన కంటితోనే చూసి, పిన్నులు స్పష్టంగా నిలబడేదాకా వదలడు. అంత శ్రద్ధగల పనివాడు.

ఆ గురువారం సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో కూలబడ్డాడు. వేటకు పోయివచ్చిన ఒకాయన విల్లును బల్ల మీద పడేసి, తెల్లవారుజామున బెజ్జంలో చీకటి తప్ప ఇంకేమీ కనబడలేదన్నాడట. రెండు నెలల్లో ఇతను మూడోవాడు. ముదీర్ అరవలేదు. నెమ్మదిగానే, నాలుగోవాడు వస్తే నువ్వు గోడౌనుకు పోయి అట్టపెట్టెలు సర్దుకోవచ్చు అన్నాడట. ఇంతకుముందు ఆ బల్ల దగ్గర పనిచేసిన ఫిలిప్పీన్స్ మనిషిని కళ్లజోడు పెట్టుకున్న నెలలోనే గోడౌనుకు పంపించారు. జోడుకూ గోడౌనుకూ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. అజ్మతుల్లా మాత్రం ఉందనే నమ్మాడు.

"నా తప్పేముందిమే? ఎనిమిదో వంతులో చూస్తే పిన్నులు సూదుల మాదిరి నిలబడ్తాండాయి. పావంగుళంలో చూస్తే అంతా సాంబ్రాణి పొగ. ఏది మంచిది, నువ్వే చెప్పు."

అంటూనే అతను బీపీ మాత్రల రేకు తీసి, పిడికిలి బిగించి, వేళ్ల నడుమ మిగిలిన సందులోంచి దాని మీది తేదీ చదివాడు. బాగా అలవాటైన పని, చేస్తున్నానని తనకే తెలియదు. గౌసియా రొట్టెను పెనం మీదే వదిలేసి అతని పిడికిలి వంక చూస్తూ నిలబడింది.

ఆమె ప్రొద్దుటూరులో బీయస్సీ ఫిజిక్స్ చదివింది. ఆ డిగ్రీ ఇన్నాళ్లూ కుక్కరు ఎందుకు కూస్తుందో పొరుగావిడకు వివరించడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. పొయ్యి ఆర్పింది. టీపొడి పెట్టె అట్ట చించి సూదితో ఒక బెజ్జం, పెన్సిలుతో ఒక బెజ్జం పొడిచి అతని చేతికిచ్చింది. సూది బెజ్జంలోంచి మాత్రల రేకు చూడమంటే తేదీతోపాటు కంపెనీ చిరునామా కూడా చదివాడు. పెన్సిలు బెజ్జంలోంచి చూస్తే అవే అక్షరాలు చీమల బారులయ్యాయి. తర్వాత ఆమె కర్టెను లాగి, లైటు తీసేసి, మళ్లీ సూది బెజ్జంలోంచే చూడమంది.

"ఏమీ కనపడ్లా," అన్నాడు మసకలోంచి.

"నమీబియాలో తెల్లారుజామున గూడా ఇంతే."

లైటు వేసి విడమరిచి చెప్పింది. సన్న బెజ్జం అటూ ఇటూ చెదిరే వెలుగును ఆపేస్తుంది కాబట్టి చత్వారపు కంటికి కూడా బొమ్మ తేటగా కనబడుతుంది. మంచి కంటికి ఆ సాయం అక్కర్లేదు. దానికి ఉన్న వెలుతురు పోవడమే మిగిలేది. దుకాణంలో ట్యూబులైట్ల కింద ఆ సంగతి ఎవరికీ తెలిసిరాలేదు.

"నువ్వు వాళ్లకు విల్లు కుదర్చలేదయ్యా. నీకు కళ్లజోడు చేసుకొని వాళ్ల విల్లులకు బిగించినావు."

అతను అట్టముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. ఖల్ఫాన్ అని పెద్ద కస్టమరు ఆదివారం నమీబియా పోతున్నాడు. అతనికీ ఎనిమిదో వంతే బిగించాడు. దుకాణంలో లాగి చూసి బాగుందని పట్టుకుపోయాడు కూడా. ఖలాస్. ఇప్పుడు వెనక్కి పిలిస్తే ముదీర్ ఎందుకని అడుగుతాడు.

"కండ్లు పోయినాయని నా నోటితో నేనే చెప్పుకోవాల్నా? బల్ల పాయె, పేరు పాయె."

గౌసియా రొట్టె తిరగేసింది. ఒక వైపు మాడింది.

"బక్రీదుకు కత్తి నూరుతావే, అది ఎవురి కోసరం? నీ చెయ్యి నొయ్యకుండానా? పోతు కోసరం. మొద్దు కత్తని తెలిసి గొంతు మీద పెట్టేది తప్పని మీ నాయనే గదా నాకు చెప్పింది. రేపు ఆ మనిషి బిస్మిల్లా అని బాణం ఇడుస్తాడు. అది పడాల్సిన చోట పడకపోతే ఆ జీవం కడుపులో బాణం పెట్టుకొని దినాలకు దినాలు కుంటుతాది. దానికి ముదీరెవరో తెలుసునా, గోడౌనంటే తెలుసునా?"

అజ్మతుల్లా ఆ రొట్టె అందుకున్నాడు. మాడిన వైపు కూడా వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి ఖల్ఫాన్‌కు ఫోను చేసి, విల్లుకు చిన్న పని మిగిలిపోయిందని, రేపు పొద్దుగూకే మగ్రిబ్ వేళకు మైదానానికి తేవాలని అడిగాడు. ఏం పనో చెప్పలేదు.

శుక్రవారం గౌసియా కూడా బయల్దేరింది. దారిలో తలనొప్పి మాత్రలని చెప్పి మందుల షాపు దగ్గర కారాపించి, చదువుకునే కళ్లజోడు ఒకటి కొని బ్యాగులో వేసుకుంది. ఆ నంబరులో ఊదారంగు ఆడవాళ్ల ఫ్రేము ఒక్కటే మిగిలింది. ఇంకో షాపుకు పోయే వ్యవధి ఉంది గానీ ఆమె పోలేదు.

మైదానమంటే ఊరి చివర ఇసుకలో కంచె, కంచె లోపల రబ్బరు జింక. ఖల్ఫాన్ చెప్పాడేమో, అతనితోపాటు ముదీర్ కూడా దిగాడు. అజ్మతుల్లా ముఖం చూసి గౌసియా కారులోనే ఉండి అద్దం దించుకుంది. ఖల్ఫాన్ ముప్పై దాటని మనిషి, మర్యాదస్తుడు. ఎండ ఉండగా మూడు బాణాలు వేశాడు. మూడూ అరచేతి వెడల్పులో దిగాయి. మరి ఎందుకు పిలిచావన్నట్టు ముదీర్ చూశాడు. పొద్దు వాలనివ్వండని అజ్మతుల్లా బతిమాలాడు. కరక్ చాయ్ తెప్పించుకుని అందరూ ఎదురుచూశారు.

పొద్దు దుమ్ములోకి దిగింది. జింకకూ ఇసుకకూ ఒకే రంగు వచ్చింది. ఖల్ఫాన్ విల్లు లాగి పట్టుకున్నాడు. చేతులు వణికేదాకా పట్టుకుని, బాణం వదలకుండానే మెల్లగా దించేశాడు. అంధేరా, అంతా చీకటి, అన్నాడు.

ఆ పీపులో బెజ్జం బిళ్ల మర తిప్పి మార్చుకునే రకం. మినప్పప్పు బద్దంత ఉంటుంది. అజ్మతుల్లా పాతదాన్ని విప్పి, పావు అంగుళం బిళ్లను వేళ్ల స్పర్శతోనే ఎక్కించబోయాడు. మర పట్టలేదు. రెండోసారి పట్టలేదు. మూడోసారి బిళ్ల ఇసుకలో పడింది. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని తడుముకుంటుంటే ముదీర్ పైనుంచి చూస్తున్నాడు. గౌసియా కారు దిగి వచ్చి, బిళ్ల ఏరి ఒక చేత్తో, కళ్లజోడు ఇంకో చేత్తో అందించింది.

"ఇదేం రంగుమే," అన్నాడు గొంతు దించి.

"చీకటి పడ్తాంది గదా, ఎవురు చూడొచ్చినారు. పెట్టుకో."

పెట్టుకున్నాడు. బిళ్ల ఒక్క తిప్పులో ఎక్కింది. అలవాటు చొప్పున విల్లు తనే లాగబోయి, ఆగి, ఖల్ఫాన్ చేతికిచ్చాడు.

"క్యా దిఖ్తా, అర్బాబ్?"

పదకొండేళ్లలో కస్టమరును ఏం కనబడుతోంది దొరా అని అడగడం అదే మొదలు. వెలుతురు బాగా వచ్చింది గానీ, సైటు బెజ్జంలో ఎటో ఈదుతున్నట్టుందని ఖల్ఫాన్ చెప్పాడు. బాణం జానెడు ఎడమకు పోయింది. అజ్మతుల్లా దాన్ని విప్పి నడిమి సైజు బిగించి మళ్లీ అదే అడిగాడు. ఖల్ఫాన్ తొందరపడలేదు. సైటు అంచు బెజ్జం అంచుకు సరిగ్గా ఒదిగిందని, చుట్టూ వెంట్రుకవాసి వెలుగు ఉందని ఒక్కొక్కటే చెప్పి, బాణం వదిలాడు. అది జింక ముందు కాలికి కొంచెం వెనకగా, గుండె ఉండే చోట దిగింది.

అప్పుడు అజ్మతుల్లా చెప్పేశాడు. నా కంటికి కుదిరిందే మీ కంటికీ కుదిరిందనుకున్నాను, నా కళ్లు చెడ్డాయని ఒప్పుకోలేక ఏడాదిగా ఇదే చేశాను అని, వచ్చీరాని అరబ్బీలో, ఉర్దూలో, మాటకు మాట తడుముకుంటూ చెప్పాడు. ముదీర్ ఊదారంగు ఫ్రేము వంక చూశాడు. మాట్లాడింది ఖల్ఫాన్. నిన్న విల్లు పడేసి పోయినాయన అతని బావమరిదట. చీకట్లో జింకను కడుపులో కొట్టి, నెత్తుటి జాడ పట్టుకుని రెండు రోజులు నడిచినా దొరకలేదట. వచ్చినప్పటి నుంచీ వేట మాట ఎత్తడం లేదట.

అజ్మతుల్లా తల దించుకున్నాడు. గౌసియాకు ఆ క్షణంలో తన సరుకుల చీటీలు గుర్తొచ్చాయి. రెండేళ్లు తను నవ్వుకుంటూ చూసింది కూడా లెక్కలోకి వస్తుందేమో అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంకా ఎన్ని విల్లులున్నాయని ముదీర్ అడిగాడు. పద్నాలుగు. అందర్నీ నువ్వే పిలు, ఎందుకో నువ్వే చెప్పు, బల్ల సంగతి తర్వాత, అన్నాడు.

శనివారం పగలంతా అజ్మతుల్లా దుకాణంలో ఫోనులోనే ఉండి, రాత్రి ఇంటికొచ్చి సంగతులు చెప్పాడు. ఇద్దరు నవ్వారట. ఒకాయన తిట్టాడట. ఇద్దరు ఎత్తలేదు. చివరగా నీళ్ల శాఖలో రిటైరైన ఒక ముసలాయన మాత్రం, నా విల్లు ముట్టుకుంటే ఊరుకోను, పదేళ్ల తర్వాత దాంట్లోనే నాకు పిన్ను కనబడింది, నేను పట్టపగలు గడ్డిబొమ్మను కొట్టేవాణ్ణి, నాకు చీకటితో పనేంటి అన్నాడట. అజ్మతుల్లా ఆయన పేరుకెదురుగా ఎనిమిదో వంతు, సరిపోయింది అని రాసుకున్నాడట.

"మరి బల్ల?" అంది గౌసియా.

సాయంత్రం ముదీర్ కొత్త విల్లొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడట. సోమవారం వచ్చే కస్టమరుది, ఇప్పుడే కుదిర్చి ఉంచమన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఆ మనిషి వచ్చినాక చూద్దామంటి. వానిది ఏ కన్నో నాకేం తెలుసు."