కడిగిన కంకర

ముందు వాసన... పాచి, ఉప్పు, తడిసిన రాయి కలిసిన వాసన.

నూరేళ్ల చేపల భవనం అది. జనం ముక్కు మూసుకుని వచ్చేవారు, నోరు తెరుచుకుని చూసేవారు. ఆమెకు మాత్రం ఆ వాసన పుట్టింటి వాసనే. ఇరవై రెండేళ్లుగా అక్కడి చేపలకు తిండి పెడుతోంది.

మరమ్మతులకని భవనం మూసేశారు. చేపలన్నీ వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి — ఒక్క తాత తప్ప.

తాత అంటే చేపే. మనిషంత చేప. దూరం పంపితే దారిలోనే చస్తాడని వెనక గదిలో, చిన్న తొట్టెలో ఉంచారు. పలకరిస్తే పలకడు. తిండి ఆలస్యమైతే అలిగి మూలకు తిరుగుతాడు. "ఇంట్లో ఒకరు, ఇక్కడ ఒకరు," అని ఆమె నవ్వేది.

ఇంట్లో ఆయనకూ అక్కడే పని దొరికింది. రాళ్లు శుభ్రం చేసే పని.

ఏడాదిన్నర... మసి గీకాడు. పాచి గీకాడు. పావురాల రెట్ట గీకాడు. ఆయన చెయ్యి పడితే నల్లబడ్డ రాయి తెల్లబడేది. పైకప్పు మీద ఎండతో కరెంటు తీసే పలకలు వచ్చాయి. సముద్రపు నీళ్లు తోడే పాత గొట్టాన్ని సిమెంటుతో మూసేశారు. ఇక ఉన్న నీళ్లే కంకరలో వడపోసుకుని మళ్లీ తొట్టెలోకి రావాలి. చుక్క వృథా కాదు.

అందుకే పాత తొట్టెల్లోంచి తీసిన కంకర కావాలి. పదకొండు బస్తాలు — గోధుమరంగు, జిగురు, కంపు.

ఆ జిగురే ప్రాణం. చేప వదిలే విషాన్ని తినే జీవులు, కంటికి కనిపించనివి, అందులోనే ఉంటాయి. దాన్ని కడగకూడదు. ఈ సంగతి ఆమెకు ఎంత బాగా తెలుసంటే... ఇంకొకరికి చెప్పాలని కూడా తోచలేదు.

తాతను కొత్త తొట్టెలోకి మార్చిన రోజు, పొద్దంతా ఆమె వాడి పక్కనే ఉంది. తడిగుడ్డ కప్పింది, తడిపింది, మళ్లీ తడిపింది. వాడు నీళ్లలోకి జారాక వెనక్కి వచ్చింది.

బస్తాలు ఖాళీ. కంకర అప్పటికే వడపోత గదిలో ఉంది — తెల్లగా, తళతళలాడుతూ.

ఆయన కొళాయి పైపును చుట్టగా చుడుతున్నాడు. "నడుం నొప్పన్నావుగా. నేనే కడిగేశా. మూడుసార్లు! కంపు పోయేదాకా వదల్లేదు."

కొళాయి నీళ్లు. క్రిములను చంపే మందు కలిపిన నీళ్లు.

ఆమె మరమ్మతులు చూసే ఇంజనీరు దగ్గరికి పరుగెత్తింది.

"ఎవరు కడిగారు?" అన్నాడతను.

"తప్పు నాదే," అంది.

ట్యాంకర్లలో సముద్రపు నీళ్లు తెప్పించారు. రెండు. అంత తొట్టెకు అవి ఏ మూలకు? వెనక తొట్టెను అప్పటికే పగలగొట్టేశారు.

మూడో రోజు తాత తిండి ముట్టలేదు. నాలుగో రోజు మొప్పలు ఎగరేస్తూ పైకి వచ్చాడు. ఐదో రోజు పక్కకు ఒరిగాడు.

ఆమె అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. మొగుడి మీద కోపం వచ్చింది. మొగుడి మంచితనం మీద అంతకన్నా కోపం వచ్చింది. ఆయనకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆయనే వచ్చాడు. పగిలిన చేతులు వెనక్కి పెట్టుకుని తొట్టెలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కంకరలో మురికేమన్నా మిగిలిపోయిందంటావా?" అన్నాడు మెల్లగా. "ఇంకోసారి కడగనా?"

"వద్దండీ," అంది. "బాగానే కడిగారు."