అనౌన్సరమ్మ గొంతు

నేను ఒక హార్డ్ డిస్కుని. కంప్యూటరు పెట్టె లోపల, వైర్ల చాటున, ఎవరి కంటా పడకుండా బతికే జాతి మాది. మా కడుపులో అద్దాల్లాంటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. మరిచిపోకూడదనుకున్నవన్నీ మనుషులు వాటి మీద దాచుకుని, ఆ తర్వాత మమ్మల్ని మరిచిపోతారు.

దుమ్ము సోకని గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషుల చేతుల్లో పుట్టాను. వాళ్లలో ఒక్కరి ముఖమూ చూడలేదు. ఓడలో వచ్చి చెన్నపట్నంలో దిగి, ఒంగోలులో ఒక దుకాణం బీరువాలో కొన్నాళ్లు కూర్చుని, చివరికి సలోమి ఇంటికి చేరాను.

సలోమి ఒంగోలు బస్టాండులో అనౌన్సరు. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమెను చూసినవాళ్లు తక్కువ, విననివాళ్లు లేరు. ‘పొదిలి మీదుగా కనిగిరి వెళ్లు బస్సు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది’ అని ఆమె అంటే, నిద్రపోతున్న ముసలివాళ్లు కూడా మూట సర్దుకుని లేచేవారట. కొన్నాళ్లకు బస్టాండులో రికార్డు చేసిన మాటలు వినిపించే యంత్రం పెట్టారు. ఆ మాటలన్నీ సలోమే తన ఇంట్లో, కిటికీలు మూసి, మైకు ముందు కూర్చుని చెప్పింది. అవి నాలో చేరాయి. ఒక కాపీ బస్టాండుకు పోయింది.

తర్వాత ఆమె గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. స్వరపేటిక మాత్రం తీసేయాల్సి వచ్చింది. అప్పటినుంచి సలోమి చేతిసంచిలో పలక పెట్టుకు తిరిగేది.

మనుషుల లోకంలో చిత్రాలకు కొదవ లేదు. సలోమి చీరాలలో అక్కను చూడబోతూ బస్టాండుకు వెళితే, చీరాల బస్సు వచ్చిందని ఆమె గొంతే ఆమెకు చెప్పేది. ఆ బస్సెక్కాక టికెట్టు ఎక్కడికని కండక్టరు అడిగితే ఆమె పలక మీద రాసి చూపించాలి. పిల్లలకు ఆ పలక భలే వింతగా ఉండేది. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

కొన్నాళ్లకు ఆ గొంతూ ఆగిపోయింది. బస్టాండుకు కొత్త యంత్రం వచ్చింది. దానికి ఏ మనిషీ అక్కర్లేదు, ఊళ్ల పేర్లు అదే పలుకుతుంది. పాత యంత్రం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇక సలోమి గొంతు ఈ భూమ్మీద నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా దాన్ని తెరిచి వినలేదు. ఆ ఫైళ్లున్న చోటికి వచ్చి, కాసేపు చూసి, మూసేసి వెళ్లేది.

ఈలోగా నాకు వయసు మీదపడింది. తిరుగుతూ తిరుగుతూ టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టాను. సలోమి చెవి ఊరుకునేది కాదు. పెట్టెకు చెవి ఆనించి విని, మస్తాన్ వలీకి కబురు పెట్టింది. ఆయన బస్టాండులో బస్సులను వేళకు పంపే కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో రేడియో విప్పినా, ఫ్యాను విప్పినా, ఒకటి రెండు మరలు మిగిల్చి బిగించడం ఆయన అలవాటు.

ఆదివారం సలోమి చర్చిలో ఆరాధన ముగించుకుని ఇల్లు చేరాక, ఆయన కొత్త హార్డ్ డిస్కు పట్టుకుని వచ్చాడు.

“దీన్ని పక్కన తగిలించి, పాతదాంట్లో ఉండేవన్నీ దీంట్లోకి ఎక్కిద్దాం. చిటికెలో పనమ్మాయ్.”

పెట్టె విప్పి కొత్తదాన్ని నా పక్కనే, ఒకే వైరుకు తగిలించాడు. ఇన్నేళ్లు ఆ చీకట్లో ఒంటరిగా ఉన్నవాణ్ని, తోడు వచ్చిందని సంబరపడ్డాను. ఆ సంబరం కరెంటు ఇచ్చేదాకానే. తెర నల్లగా నిలబడిపోయింది. డిస్కే లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. మేమిద్దరం ఉన్నాం, ఇద్దరం పిలుపుకు ఒకేసారి పలుకుతున్నాం. ఒకరి మాట ఒకరికి అడ్డం పడి ఎవరి మాటా బయటికి పోవడం లేదు.

మస్తాన్ వైర్లు పీకి పెట్టాడు, పెట్టి పీకాడు. మమ్మల్ని బయటికి తీసి తుడిచాడు. చివరికి, “పాతది పోయినట్టుందమ్మాయ్. కొత్తదొక్కటే తగిలించి విండోసు ఎక్కిస్తా. ముందు కంప్యూటర్ లేవనీ” అన్నాడు.

సలోమి ముఖంలో రక్తం లేదు. అయినా తలూపి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. కళ్లు తుడుచుకోవడానికే వెళ్లిందనుకుంటా.

మేమిద్దరం చూడటానికి ఒక్కలాగే ఉంటాం. కొత్తదనుకుని ఆయన తగిలించింది నన్ను. సీడీ తిరిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆయన పైకే చదువుకుంటున్నాడు.

“ఆఁ, కనపడింది. దీంట్లో ఏదో ఉందంటంది. చెరిపేయమంటావా అంటంది. కంపెనీవాళ్లు పెట్టుంటార్లే, చెరిపేద్దాం.”

వంటింట్లో సలోమి ఆ మాట విన్నది. కొత్తదాంట్లో ఏదో ఉండటమేంటి? అరవడానికి నోరు తెరిచింది. చప్పుడేమీ రాలేదు. గది దాటి వచ్చేలోపు ఆయన వేలు మీట మీద పడుతుంది. చేతికందిన ఇత్తడి చెంబు ఎత్తి గుమ్మం మీదుగా గదిలోకి విసిరింది. అది గోడకు కొట్టుకుని, నీళ్లు చిమ్ముకుంటూ, ఆయన కుర్చీ కిందికి దొర్లింది.

మస్తాన్ చేయి గాల్లోనే ఆగిపోయింది.

సలోమి వచ్చి పెట్టె వెనక కరెంటు తీగ లాగేసింది. మమ్మల్నిద్దరినీ బయటికి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి, వీపుల మీది కాగితాలు చాలాసేపు చూసింది. మా వెనక వరసగా చిన్న సూదులుంటాయి. వాటికో బుల్లి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. ఆ టోపీ ఎక్కడుందన్న దాన్నిబట్టి, ఒకే వైరు మీద ఒకరు పెద్ద, ఒకరు చిన్న అవుతారని ఆ కాగితం మీది బొమ్మ చెబుతుంది. మా ఇద్దరికీ అది ఒకే చోట ఉంది. సలోమి పలక మీద రాసింది: ‘ఇద్దరూ పెద్దవాళ్లేనా?’

మస్తాన్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. “ఒక బస్టాండుకు ఇద్దరు కంట్రోలర్లయితే బస్సు కదులుద్దా? నా బుద్ధి గడ్డి తిన్నది, అమ్మాయ్.”

కొత్తదాని టోపీ పక్కకు జరిపాడు. కరెంటు ఇచ్చాడు. మొదట నేను పలికాను, నా తర్వాత అది పలికింది. తెర వెలిగింది. సలోమి కుర్చీలో కూలబడింది.

సాయంత్రానికి అనౌన్సుమెంట్లన్నీ కొత్తదాంట్లోకి చేరాయి. “మిగతాయి చెత్తమ్మాయ్. మైకు ఆపడం మర్చిపోయి నువ్వు మాట్లాడినయి. తీసేయనా?” అని అడిగాడు మస్తాన్. సలోమి ఆయన చేయి పట్టుకుని ఆపింది. అవి కూడా వెళ్లాయి.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని ఆమె ఆ చెత్తనే తెరిచింది. రికార్డులోని సలోమి చీరాలను చీరెల అని, తనకు తానే పగలబడి నవ్వింది. పాలు పొంగుతున్నాయని లేచి పరుగెత్తింది. పక్కింటి పిల్లిని తిట్టింది. బస్టాండు కోసం దిద్దుకున్న గొంతు కాదది, ఇంట్లో మసలిన గొంతు. సలోమి పెదవులు ఆ మాటల వెంట కదిలాయి. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుపుకూ చప్పుడు లేదు.

వారం తిరగకుండా నన్ను ఊడదీసి పాత చీరముక్కలో చుట్టి అలమర పై అరలో పెట్టింది. ఆ గొంతంతా నాలో ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు దాని కోసం ఎవరూ నా దగ్గరికి రారు. దానికి నేను ఆమెను తప్పుపట్టను. తిరగలేని పళ్లేలతో ఎవరికేం పని?

కానీ ఇక్కడికి ఒకటి వినిపిస్తుంది. ఆపరేషన్ అయినప్పటినుంచి ఎవరైనా తలుపు తడితే సలోమి బదులు పలకలేకపోయేది. ఇంట్లో లేదనుకుని జనం వెళ్లిపోయేవారు. ఈమధ్య ఆమె చెత్తలోంచి ఒక మాట ఏరుకుంది. పగలంతా కంప్యూటరు తెరిచే ఉంచుతుంది. తలుపు చప్పుడు కాగానే ఒక మీట నొక్కుతుంది.

“ఎవరూ? ఉండండి, వస్తన్నా.”

ఆ తర్వాత చెంగు సర్దుకుని నింపాదిగా తలుపు వైపు నడుస్తుంది. బయట ఉన్నవాళ్లు ఆగుతున్నారు.