చూపించి మింగే పిట్ట

అక్కకు కొడుకు పుట్టాక సాయానికని వచ్చిన బాబాయి మళ్లీ వెళ్లే ఊసెత్తలేదు. పిల్లాణ్ణి ఎత్తుకోవడం, వాడు గొంతు సవరించుకోగానే ఎవరో ఒకరి ఒళ్లో పడేసి వంటగదిలోకి జారుకోవడం. చెల్లెలు గమనించినంతలో ఆయన చేసే సాయం అంతే.

చెల్లెలిది పిట్టల మీద పరిశోధన. బస్ డిపో గోడవతల పొదల్లో బూడిదరంగు పిట్టలు గుంపులుగా ఉంటాయి. గుడ్లు పెట్టేది ఒక్క జంటే. పిల్లల్ని మేపడానికి మాత్రం అక్కలు, అన్నలు, మేనమామలు అందరూ దిగుతారు. ఇంతమంది సాయం చేస్తే ఎక్కువ పిల్లలు బతుకుతాయా అన్నది ఆమె ప్రశ్న. బతుకుతాయని ప్రొఫెసరుగారు ముందే తేల్చేశారు.

వాటిలో కాలికి ఎర్ర రింగున్న పిట్ట ఒకటి ఘటికురాలు. పురుగు తెచ్చి పిల్ల నోట్లో పెట్టినట్టే పెట్టి, అటూ ఇటూ చూసి, వెనక్కి లాగి తనే మింగేసేది. చెల్లెలు దానికి ‘బాబాయి’ అని పేరు పెట్టింది. పెట్టి ఊరుకోక, భోజనాల దగ్గర నోరు జారింది.

బాబాయి నమలడం ఆపాడు. “రేపు నాకూ చూపించు.”

మర్నాడు డిపోలో పాత టైరు మీద కూర్చుని, బైనాక్యులర్స్ వదలకుండా చూశాడు.

“పక్కన ఇంకో పిట్ట ఉంటే బుద్ధిగా పెడుతోంది. లేకపోతే తనే తింటోంది.”

“అదే నేనూ చెప్పింది. దొంగది.”

“దొంగతనం ఏముందమ్మా? ఎవరూ చూడనప్పుడు సాయం చేస్తే, చేసినట్టు ఎవరు ఒప్పుకుంటారు?”

సిగ్గులేని మనిషి అనుకుంది చెల్లెలు.

తీరా చూస్తే, గుంపున్న గూళ్ల నుంచీ, సాయం లేని ఒంటరి జంటల గూళ్ల నుంచీ బతికి ఎగిరిపోయిన పిల్లలు ఇంచుమించు సమానమే. ప్రొఫెసరుగారి మొహం మాడిపోయింది. అప్పుడు చెల్లెలు పిల్లల్ని వదిలి తల్లుల్ని చూడటం మొదలుపెట్టింది. గుంపులో తల్లి సగం మేతే తెచ్చేది, మిగతా పొద్దంతా కొమ్మమీద ఈకలు దువ్వుకునేది, త్వరలోనే మళ్లీ గుడ్లు పెట్టేది. ఒంటరి తల్లులు ఈకలూడి, ఎండుపుల్లల్లా అయిపోయేవి. మరుసటి ఏడాదికి చాలావరకు కనబడలేదు. సాయం అందింది పిల్లలకు కాదు, తల్లికి.

పరుగున వచ్చి అక్కకు చెప్పింది.

“దీనికోసం ఇన్నాళ్లు ఎండలో మాడావా? నన్నడిగితే చెప్పేదాన్నిగా,” అంది అక్క పిల్లాడి గుడ్డలు మడతపెడుతూ. “బాబాయి వండబట్టే నేను రోజూ కాస్త కునుకు తీస్తున్నా.”

“బాబాయి వండుతున్నాడా?”

“మరి రోజూ తింటున్నావు, ఎవరు వండారనుకున్నావు?”

“అందుకేనా, ఉప్పు అలా ఉంటోంది,” అంది చెల్లెలు.

అక్క పిల్లాణ్ణి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, అవతల మంచమెక్కింది. వాడు వెంటనే ఆమె చొక్కా తడిపి, నిద్రపోయాడు. చెల్లెలు ఆ తడి చొక్కాతోనే కదలకుండా కూర్చుంది. తను లేస్తే వాడు లేస్తాడు, వాడు లేస్తే అక్క లేస్తుంది.