వంతు వచ్చిన కీర్తన

గట్టు తెగి కింది వీధిని ఏరు తుడిచిపెట్టిన ఏడు అది. నీళ్లు తీశాక చూస్తే తాపీ మేస్త్రి ఇంటి వెనకగోడ కూలి, బురదతో కలిసి దిబ్బయి ఉంది. గట్టు తెగిన వేళ మేస్త్రి భార్య మేకను విప్పుకొస్తానని ఆ గోడ వెనక్కే వెళ్లింది. మళ్లీ రాలేదు. దిబ్బ కింద ఏముందో వీధి వీధంతా తెలుసు. ఒప్పుకోనిది మేస్త్రి ఒక్కడే.

పారలతో వచ్చినవాళ్లను అతను దగ్గరికి రానివ్వలేదు. మైకు పట్టుకుని ఊళ్లు తిరిగే బోధకుడొకడు దుప్పట్లు పంచడానికి వచ్చాడు. నీళ్లు నిన్ను ముంచవు అన్న ఒక్క మాటను బైబిలు వాక్యంలోంచి పీకి మేస్త్రి చేతిలో పెట్టాడు. నీ భార్య నడిచి వస్తుంది పొమ్మన్నాడు. తన దారిన తాను పోయాడు. అప్పటినుంచి మేస్త్రి గుమ్మంలో కూర్చుని దారి చూస్తున్నాడు. పక్కన అన్నం పెట్టిన కంచం, ఆవిడ కోసం. తను మాత్రం ముద్ద ముట్టడు.

మంగళవారం మట్టి ఎత్తే యంత్రం వస్తుందని కబురొచ్చింది. చెత్తేదో మనిషేదో దానికి తెలియదు. అన్నీ ఎత్తి ఊరవతల గోతిలో పోస్తుంది.

శనివారం మేస్త్రి తల్లి పాస్టరు ఇంటికి వచ్చింది. కొడుకు రేపు ప్రార్థనకు వస్తానన్నాడని చెప్పింది. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"వాడికి నీ మాటంటే గురి అయ్యా. కోడలొస్తుందని నువ్వు కూడా ఒక్కమాట అను. ఇంత తింటాడు."

పాస్టరు పద్ధతి ఊరందరికీ తెలిసిందే. ఏ ఆదివారానికి ఏ అధ్యాయం వంతు వస్తే అదే చదివి, అదే చెబుతాడు. పెళ్లివారమైనా చావువారమైనా ఏరుకోవడం లేదు. ఏరుకు తినేవాడి ఒంటికి పట్టదని ఆయనకు నేర్పిన ముసలాయన అనేవాడు. అప్పుడు బైబిల్లో కీర్తనలు నడుస్తున్నాయి. రేపటి వంతు ఎనభై ఎనిమిదోది.

ముసలమ్మ వెళ్లాక వంటింట్లో కూర్చుని దాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో కాస్త వెలుగువైపు తిరుగుతాయి. ఇది తిరగదు. తలమీదుగా అలలు పొర్లుతుంటే మొదలవుతుంది, చీకట్లో ఆగిపోతుంది. ఒక్క చిన్న మాట ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు.

భార్య పొయ్యి దగ్గరనుంచే అంది. "తొంభై ఒకటోది చదవండి, ఏ అపాయమూ రాదనేది. నాలుగు ఆకులు తిప్పితే వస్తుంది. ఎవరడుగుతారు మిమ్మల్ని?"

ఆయన ఎనభై ఎనిమిదోదాని మీదే వేలు ఉంచాడు.

"గడ్డిపోచ పట్టుకుని తేలుతున్నాడు. అది కూడా లాగేస్తే ఏట్లో పడతాడు. ఆ తల్లి ఉసురు మనకొద్దండీ."

ఆమె అన్నది నిజమేనని ఆయనకు తెలుసు. అదే భయం.

మర్నాడు మేస్త్రి ముందు వరసలో కూర్చున్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. ఆ మందిరం గోడలు కట్టింది అతనే. అయ్యగారి ప్రసంగానికి పునాది గట్టిదే గానీ కప్పు పడేసరికి పొద్దుగూకుతుందని అందర్నీ నవ్వించేవాడు. ఇప్పుడు పాస్టరు చేతివంకే చూస్తున్నాడు. ఆ చెయ్యి ఆకులు ముందుకు తిప్పబోయింది. ఆగింది.

ఎనభై ఎనిమిదోదే చదివాడు. ఈ కీర్తన రాసిన మనిషీ మనలాగే మునిగాడన్నాడు. పగలూ రాత్రీ దేవుణ్ణి పిలిచాడని, జవాబు వచ్చినట్టు ఇందులో లేదని, అయినా పిలవడం మానలేదని చెప్పాడు. చివరికి చీకటొక్కటే అతనికి చుట్టమై మిగిలిందన్నాడు. పుస్తకం మూశాడు.

జనం ఇంకేదో వస్తుందని చూశారు. రాలేదు. నిలువునా ఒక మనిషిని చంపాననుకున్నాడు పాస్టరు.

మేస్త్రి లేచాడు. "కప్పు వెయ్యలేదేం అయ్యగారూ?"

"ఇందులో లేదు మేస్త్రీ. లేనిది నేను వెయ్యలేను."

"ఇలాంటిది కూడా రాసుందా? దేవుడి పుస్తకంలోనే?"

"అందులోనే."

మేస్త్రి నేలమీద కూలబడి ఏడ్చాడు. వరద వచ్చాక అతను ఏడవడం అదే మొదలు. తల్లి దగ్గరికి వెళితే చెయ్యి విదిలించుకుని బయటికి పోయాడు. ఏటివైపే పోయాడని ఎవరో అన్నారు. పాస్టరు భార్య ఆ పూట మొగుడితో మాట్లాడలేదు. ఆయన సాయంత్రం దాకా గట్టుమీద తిరిగాడు. పిలిచాడు. ఎవరూ పలకలేదు.

సోమవారం తెల్లవారగానే పాస్టరు మందిరం వెనకున్న పార భుజాన వేసుకుని కింది వీధికి దిగాడు. మేస్త్రి గుమ్మంలో లేడు. కంచం కడిగి గోడవార బోర్లించి ఉంది. మేస్త్రి ఇంటి వెనక ఉన్నాడు, నడుందాకా బురద, చేతిలో పార.

"అటు కాదు అయ్యగారూ," అన్నాడు తల ఎత్తకుండానే. "మేకను కట్టేది ఇటువైపు."

పాస్టరు చొక్కా చేతులు మడిచి, అతను చూపించినచోట పార దించాడు.