పటేల్ వయసుకు కట్టేసిన ఊరు

రాంచందర్‌రెడ్డికి ఆకలేస్తే ఇంటికి తెలుస్తుంది, కోపమొస్తే ఊరికి తెలుస్తుంది. తప్పు చేస్తే మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆయన ఎన్నడూ తప్పు చేయలేదు. ఈ సంగతి స్వయంగా ఆయనే చెప్పాడు. పటేల్ మాట కాదనడానికి మనమెవరం?

దంతాలపల్లికి ఆమడ దూరంలో ఎర్రకుంట అని ఒక ఊరు. ఆ ఊరికి ఆయన పటేల్. పెళ్లయి నలభై ఏళ్లు దాటింది. ఈ నలభై ఏళ్లలో భార్య కౌసల్యతో వచ్చిన ప్రతి తగువునూ ఒక్కటే మాటతో గెలిచాడు. "నీకన్నా పెద్దోణ్ని. నాకు తెల్వదా?" పప్పులో ఉప్పెక్కువైందా లేదా అన్న తగువైనా అంతే, చెలకలో మక్క వేయాలా పెసర వేయాలా అన్న తగువైనా అంతే. పెసర వేసి, అది కాస్తా పురుగుల పాలైన ఏడు కూడా ఆయనే పెద్దవాడు. కౌసల్య "ఊ" అనేది. ఆ "ఊ"లో ఏముందో వినే ఓపిక మహానుభావుడికి ఎక్కడిది!

అట్లా సాగిపోతున్న సంసారంలోకి ఎనభై ఒకటిలో జనాభా లెక్కలు వచ్చి పడ్డాయి. రాసేవాడు సోమేశ్వర్, ఊరి బడి పంతులు. జనగామలో కిరాణా హోల్‌సేల్ దుకాణం వాళ్ల అబ్బాయి. పటేల్ ఇంటి ముందరి అర్రలో ఉంటాడు, పటేల్ ఇంట్లోనే తింటాడు. మంచివాడే గానీ తక్కెడ పక్కన పుట్టి పెరిగాడు, ముల్లు నడిమధ్యన నిలబడకపోతే అన్నం సహించదు. ఈ గుణమే ఊరిని ముంచింది.

"జనగామల వయసు అడిగితె తగ్గిస్తరు, ఈడ అడిగితె పెంచుతరు. ఏంది పటేలా గిది?" అన్నాడు ఒకనాడు భోజనాల దగ్గర. "మా గల్లీల ముప్పై దాటిన ఆడామె దొరికితె ఒట్టు. ఒకామెకు ఇరవై తొమ్మిదట, ఆమె కొడుక్కు ఇరవై నాలుగట!"

పటేల్ పొలమారేదాకా నవ్వాడు. "పట్నపోళ్ల కథనే గంత. సంబంధాలు, నౌకరీలు, ఊకె పడుచుగుండాలె వాళ్లకు. ఊర్లె మనిషికి వయసే ఇజ్జత్ పంతులూ!"

నవ్వినంతసేపు పట్టలేదు ఏడవడానికి.

ఎర్రకుంటలో వయసు అడిగితే అంకె చెప్పిన మనిషి లేడు. అందరూ పటేల్ నుంచే లెక్క. ఒకడు పటేల్ కన్నా రెండేళ్లు చిన్న. ఇంకొకడు పటేల్‌కు మీసం మొలిచిన ఏడు పాలు మరిచాడు. క్షౌరం చేసే పోశాలయితే, "మా ఇద్దరి బొడ్డు ఒక్క కొడవలితోనే కోసిన్రు సారూ, ఆయన పొద్దున, నేను మాపున" అన్నాడు. తండా నుంచి పూల్‌సింగ్ కూడా అదే పాట. సోమేశ్వర్ ఆలోచించాడు. ముందు గుంజ పాతితే పశువులన్నిటినీ కట్టొచ్చు కదా! పటేల్ వయసు తేలితే ఊరి వయసు తేలినట్టే.

వసారాలో కూర్చుని మొదలుపెట్టాడు. పటేల్ తల్లి బుచ్చమ్మ మంచంలో ఉంది. ఎనభై దాటిన మనిషి, తనకు కావలసిన మాటలే వినపడతాయి ఆమెకు. కౌసల్య కింద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. పోశాలు పటేల్ గడ్డం గీస్తున్నాడు.

"పెద్దమ్మా, పటేల్ ఏ ఏడు పుట్టిండు?"

"పెద్ద గత్తరచ్చి సగం ఊరిని తుడ్సుకపోలేదా బిడ్డా, గది పోయినంక రెండో వానకాలం. నాట్లల్ల నొప్పులచ్చినయి."

గత్తరంటే కలరా. ఆ కలరా ఏ ఏడు వచ్చిందో సోమేశ్వర్ దగ్గర లెక్క ఉంది. వేళ్ల మీద గుణించి, "యాభై ఎనిమిది" అన్నాడు. అరవై ఉంటుందనుకున్న పటేల్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

కౌసల్య వైపు తిరిగి, "అమ్మా, మరి మీది?" అన్నాడు.

"నాకేం ఎరిక బిడ్డా. గత్తరల మా అవ్వ నన్ను సంకనేసుకొని చెలకల మంచె మీద దాసుకున్నదట. అప్పటికే పండ్లచ్చినయట నాకు. ఏడ్వకని నోరు మూస్తె భుజం కొరికిన్నట."

"అంటె పటేల్ గత్తర పోయినంక... మీకు గత్తరల్నే పండ్లు..." సోమేశ్వర్ వేళ్లు ఆగిపోయాయి. "అమ్మా, మీకు అరవై ఒకటి."

పోశాలు కత్తి గడ్డం మీద నిలిచిపోయింది.

"వాళ్లూర్లె గత్తర వేరే!" అని అరిచాడు పటేల్, సగం సబ్బుతో.

"వేరే ఏంది?" అన్నది కౌసల్య చింతపండు మీంచి తలెత్తకుండా. "మీ ఊరి నుంచే మా ఊరికొచ్చింది. వాగు ఒక్కటే గద."

ఇంకేముంది! పోశాలు చెవిన పడ్డ మాట ఊరి చెవిలో పడ్డట్టే. ఆ పూట గీసుకున్న ప్రతి గడ్డానికీ ఈ వార్త ఉచితంగా దొరికింది. మర్నాడు చాయ్ హోటల్ ముందు పూల్‌సింగ్ రెండు చేతులూ జోడించి, "పటేలా, ఇంట్ల పెద్దోళ్లు మంచిగున్నరా?" అని అడిగాడు. చాయ్ తాగేవాళ్లంతా సాసర్ల వెనుక మొహాలు దాచుకున్నారు.

మనకు నవ్వుగానే ఉంటుంది. ఆయనకు ప్రాణం పోయినట్టుంది. పెద్దవాడు కాకపోతే తనెవరు? ఇంతకాలం గెలిచిన తగువులన్నీ మళ్లీ లేచి కూర్చోవూ? ఆ పెసర ఏడు? ఆ మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదు. నోరు తెరిచి, ఏమనాలో తోచక, మళ్లీ మూసుకుని తిన్నాడు. భార్య ముందు సిగ్గుపడటం ఆయనకు కొత్త. ఒళ్లంతా ముడుచుకుపోయింది పాపం.

చేయి కడుక్కుని తిన్నగా ముందరి అర్రలోకి వెళ్లాడు. "పంతులూ, మా అవ్వకు మతి లేదు. నేను గత్తరకు ముందే పుట్టిన. అరవై మూడు రాయి."

సోమేశ్వర్ పరేషాన్ అయ్యాడు. ఆయన తిండి తింటూ కాదనలేడు, తక్కెడ ఒరిగితే ఉండలేడు. "మీరొక్కరే ఐదేండ్లు పెరుగుడు కుదరది పటేలా. పోశాలు మీతోటి పుట్టిండు, ఆయన పెరగాలె. ఆయనకన్నా రెండేండ్లు చిన్నోడు పూల్‌సింగ్, ఆయన పెరగాలె. ఊరంత మీకే కట్టేసి ఉన్నది."

"పెరగనీ! నా సొమ్మేం పోతది?"

"మీ కొడుకు శ్రీపాల్ పెరగాలె. కొడుకు పెరిగితె మనుమరాలు సునంద పెరగాలె. ఆమె ఈడు పిల్లలందరు..."

"పెంచు!"

"మరి కౌసల్యమ్మకు?"

"ఆమెను ముట్టకు! ఉన్నకాడనే ఉండనీ!"

సోమేశ్వర్ దించిన తల ఎత్తకుండా ఊరినంతా ఐదేళ్లు పైకెక్కించాడు. పోశాలుకు మహదానందం. ఇంకో రెండేళ్లయితే పింఛన్ అడగొచ్చని కుర్చీకి కొత్త గుడ్డ వేశాడు. బావుల దగ్గర నీళ్లు చేదేవాళ్లు నడుము పట్టుకోవడం మొదలుపెట్టారు. వయసు పేరు చెప్పి పనికి రానివాళ్లు ఎంతమందో! ఉయ్యాలలో ఉన్న పిల్లకు కూడా ఐదేళ్లు పడ్డాయి, ఎందుకంటే అది పటేల్ మునిమనుమడు, సునంద కొడుకు పుట్టిన నెలకు పుట్టింది. నడక రాని పిల్ల బడికి పోవలసిన వయసుకు వచ్చేసింది.

ఆ కాగితాలు పట్టుకుని సోమేశ్వర్ మానుకోటకు పోయాడు. అక్కడ పై సారు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"టౌన్ల చూస్తె అందరు పడుచోళ్లు. మీ ఊర్లె అందరు ముసలోళ్లు. ఐదేండ్ల లోపు పిల్లలు ఒక్కరు లేరు. ఏమయ్యా, ఊర్లె కాన్పులు బందైనయా?"

సారు కాగితాలు మడిచి ముందుకు తోశాడు.

"గిదే గనక నిజమైతె బాల్వాడి ఎందుకు మీకు? పక్కూరికి ఇస్తరు. పో, మళ్ల అడిగి రాసుకొని రా."

ఈ మాట సోమేశ్వర్ బస్సు దిగకముందే ఊరు చేరింది. ఎట్లా చేరిందంటే, పోశాలు కూడా అదే బస్సులో ఉన్నాడు, దారిలో పంతులు నోట మాట లాగి, తలుపు దగ్గర నిలబడి ముందుగా దూకాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆడవాళ్లంతా కొంగులు బిగించి పటేల్ వాకిట్లోకి వచ్చారు. బాల్వాడి పోతే పిల్లలకు పొద్దుటిపూట గోధుమరవ్వ ఎవరు పెడతారు? నాట్లకు పోయే తల్లులు పిల్లల్ని ఎక్కడ దించాలి?

ముందు నిలబడ్డది తండా లాలి, పూల్‌సింగ్ కోడలు. బిడ్డను చేయి పట్టి లాక్కొచ్చింది.

"పటేలా, దీన్ని చూడు. జై తెలంగాణ కొట్లాటల పుట్టింది. బడులు బందున్నయి, బస్సులు బందున్నయి, మంత్రసాని నడిచొచ్చింది. పన్నెండేండ్లు. ఇప్పుడు పదిహేడట! ఇంకా పెండ్లెందుకు చెయ్యలేదని అందరు నన్ను అడుగుతున్నరు. పొద్దుగాల ఒక సంబంధం కూడ వచ్చింది. పెండ్లికొడుక్కు ముప్పై!"

పిల్ల ఏడుపు మొహం పెట్టింది. పటేల్ ఆ మొహం చూశాడు. తన పంతానికి ఈ పసిదాన్ని కట్టేయడం ఏమిటి? కానీ నోరు పెగలదే! మింగలేడు, కక్కలేడు. ఊరంతా చూస్తున్నది, గడప మీద కౌసల్య నిలబడి చూస్తున్నది.

"రాంచందరు నోట్లె బెల్లం వెట్టుకున్నడా?" అన్నది మంచంలోంచి బుచ్చమ్మ. "అయినా కోడలు పెద్దదెట్లైతది? నేను తాడు వెట్టి కొల్చి తెచ్చిన."

ఆ ఇంటి ఆనవాయితీ అది. పెళ్లికొడుకు ఎత్తుకు తాడు కొలిచి ముడి వేసేవాళ్లు. పిల్ల ఆ ముడి కిందికి ఉండాలి. పొట్టిగా ఉంటే చిన్నదని లెక్క. ఏళ్లు ఎవరు చూడొచ్చారు!

"మోకాళ్లు వంచిన అత్తమ్మా" అన్నది కౌసల్య.

"ఆ?"

"మోకాళ్లు వంచిన. లంగ కింద ఎవరికి కనవడ్తది?"

"ఎందుకు?" అన్నాడు పటేల్. నలభై ఏళ్లలో జవాబు తెలియక ఆయన భార్యను అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"మా నాయిన పోయిండు, ఎన్కనే తాత పోయిండు. మా ఇంట్ల మూడేండ్లు లగ్గం ముట్టలె. పదిహేనేండ్లు వచ్చినయి నాకు. గా దినం అత్తమ్మ తాడు వట్టుకొని బండి దిగింది. రావొద్దంటె వినక, ఏడ్సుకుంట ఎక్కినట్టున్నడు, ఎన్కనే ఒక పిలగాడు దిగిండు. దిగుడు దిగుడే మా కోడెదూడ తోక గుంజిండు. అది ఒక్క తన్ను తన్నింది. కుడితి గోలెంల తలకిందులు!"

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"నేనే కాలు వట్టి బయటికి గుంజిన. మూతి మీద మీసమోలె తవుడు, మొహమంత తవుడు. లేచి నిలవడి ఏమన్నడో ఎరికేనా? 'నేను వడలె, దుంకిన' అన్నడు."

వాకిలంతా గొల్లుమంది. లాలి బిడ్డ కూడా ఏడుపు మరిచి నవ్వింది. పోశాలు అరుగు మీద కూలబడ్డాడు.

"గప్పుడే అనుకున్న," అన్నది కౌసల్య. ఆమె మాత్రం నవ్వడం లేదు. "ఈ పిలగానికి ఎవలన్న ఒక పెద్దోళ్లు తోడుండాలె, లేకుంటె బతకడు అని. తాడు నా దాక రాంగనె మోకాళ్లు వంచిన."

ఇంతమంది నవ్వుతున్నా కోపం రావడం లేదేమిటని రాంచందర్‌రెడ్డికే ఆశ్చర్యంగా ఉంది. గుండెల్లో ఏదో వెచ్చగా, భరించలేనంతగా ఉంది. సోమేశ్వర్ వైపు తిరిగాడు.

"రాయి పంతులూ. యాభై ఎనిమిది. ఊరందరిది ఏడున్నది ఆడ వెట్టు. లాలీ, ఆ సంబంధపోణ్ని నా దగ్గరికి తోలు, నేను మాట్లాడుత."

పోశాలు ఒక్కడికే మొహం వాడిపోయింది, పింఛన్ ఐదేళ్లు వెనక్కి పోయిందని.

కౌసల్య గడప దిగి వచ్చింది. ఊరి ముందు మగడు తల దించడం ఆమెకు బాగుండలేదు. మెల్లగా సోమేశ్వర్‌తో, "నాకు యాభై ఏడు రాయి బిడ్డా. ఎవరడుగొచ్చిన్రు?" అన్నది.

"వద్దు!" అన్నాడు పటేల్. ఆ కేకకు ఊరు ఉలిక్కిపడింది. "అరవై ఒకటే రాయి. మూడేండ్లు ముందుగాల వచ్చి నాకోసం నిలవడ్డది. అవి ఎట్ల కొట్టేస్తవ్?"

సోమేశ్వర్ రాశాడు. కౌసల్య కొంగుతో కళ్లు తుడుచుకుని, అంతలోనే మొహం గట్టిగా పెట్టుకుని మగడి వైపు చూసింది.

"ఇప్పుడన్న చెప్పున్రి. గోలెంల వడ్డరా, దుంకిన్రా?"

పటేల్ వాకిలంతా చూశాడు. పోశాలును చూశాడు, పూల్‌సింగ్‌ను చూశాడు, మంచంలో తల్లిని చూశాడు. ఆఖరికి కౌసల్యను చూశాడు.

"వడ్డ" అన్నాడు.