అతుకు మీద బండ

నాచారం పారిశ్రామికవాడలో, మూతబడిన దారపు మిల్లు పక్కనున్న మేడ రెండో అంతస్తు ఆఫీసులో, రాఘవేంద్ర గారు కుర్చీ ముందుకు జరుపుకుని ఆట మొదలుపెట్టిన క్షణం నుంచి హిమజ కళ్లు తెర మీద దూరంగా కనబడే ఒక బండను వదలలేదు. కొండల్లో గుర్రం మీద సాగే కంప్యూటర్ ఆట అది, ఆ ఆఫీసులోనే తయారైంది. దాన్ని విడుదల చేయాలో వద్దో తేల్చడానికి ఆయన బెంగుళూరు నుంచి వచ్చారు.

ఆ బండను పెట్టింది హిమజే. ఎందుకు పెట్టిందో ఆ గదిలో మరెవరికీ తెలియదు.

ఆటలోని నేలను ముక్కలుగా తయారుచేసి అంచులు అతుకుతారు. రెండు అంచుల మీది ప్రతి బిందువూ ఒకే ఎత్తులో ఉంటేనే అతుకు కనబడదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నేల నోరు తెరుస్తుంది. అందుకే అతుకు దగ్గర ఇరువైపుల వాళ్లూ పక్కపక్కన కూర్చుని పనిచేయాలన్నది ఆ ఆఫీసు కట్టడి. కాని ఆ బండ పెట్టిన గురువారం అవతలి ముక్క చేసిన పవన్‌కుమార్ సెలవులో ఉన్నాడు. ఆ ముక్కకు గడువు ఆ సాయంత్రమే. హిమజ ఒక్కతే తన వైపు గరుకును నునుపు చేసింది. నునుపు చేసే కంప్యూటర్ కుంచె తన ముక్క అంచు దాటి పోదు కనుక తన నేల కొంత కుంగింది, అవతలిది కుంగలేదు. చీలిక పడింది. దాని మీద బండ పెట్టింది. గట్టి బండ పెడితే గుర్రం ఆగిపోతుంది, ఇక్కడ ఇదెందుకని ఎవరైనా అడుగుతారు; అందుకని కంటికి మాత్రమే కనబడే, గుర్రం లోంచి దూరిపోగలిగే బండ పెట్టింది.

ఆటను పరీక్షించే రమేష్ ఆనాడే అడిగాడు. "చెల్లె, అతుకులన్నీ మళ్ల తిరిగి సూడాల్నా?"

"అక్కర్లేదన్నా, నేను సూసిన. దారి పొంటి నడిపిస్తే సాలు."

ఆ మాట మీద అతడు పరీక్ష పూర్తయిందని సంతకం పెట్టాడు. అతడికి ఇదివరకే ఒక హెచ్చరిక ఉంది. రెండోది వస్తే ఉద్యోగం ఉండదని ఆఫీసు నడిపే విజయభాస్కర్ అందరి ముందూ చెప్పాడు.

"బాగా ఊగుతోందే మీ గుర్రం," అన్నారు రాఘవేంద్ర గారు.

"మా చెంగిచెర్ల బస్సు కన్న నయమే సార్," అన్నాడు రమేష్. "దీనికి ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్ లేదు గద."

అందరూ నవ్వారు. హిమజ నవ్వలేకపోయింది.

"దారి వదిలి చూస్తాను. ఆడేవాళ్లు మన దారినే పోరు కదా," అన్నారు రాఘవేంద్ర గారు.

గుర్రం పక్కకు తిరిగింది. ఇప్పుడే చెప్పేస్తే పడకముందే ఆపవచ్చు. ఆయన బండను తప్పించుకుని పోతారేమోనన్న ఆశ, అసలు భయం కన్నా బలంగా ఆమె నోరు నొక్కింది. గుర్రం మెడ బండలోకి దూరింది, తరువాత రౌతు. ఆపైన తెర నిండా ఆకాశమే. గుర్రం అడుగు లేని చోట కాళ్లాడిస్తూ కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది.

"ఈ చోటు ఎవరు పరీక్షించారు?" విజయభాస్కర్ గొంతు పెద్దది కాలేదు.

"నేనే సార్."

"మరి ఎలా వదిలేశావు?"

"నాదే పొరపాటు సార్." రమేష్ ఆమె వైపు చూడలేదు. ఆమె మాటను అతడు మరచిపోలేదనీ, పేరు చెప్పబోడనీ హిమజకు అర్థమైంది.

"నీ బల్ల ఖాళీ చేసుకో. మధ్యాహ్నం మాట్లాడదాం."

హిమజ లేచి నిలబడింది. "సార్, అన్న తప్పు లేదు. సూడొద్దని నేనే చెప్పిన. కింద చీలిక ఉన్నది. కనబడొద్దని బండ పెట్టిన."

విజయభాస్కర్ ఏదో అనబోయాడు. రాఘవేంద్ర గారు చేయెత్తి ఆపారు. ఆయన ముఖంలో కోపం లేదు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయమ్మా?"

ఒక్క తప్పు ఒప్పుకుంటే చాలుననుకుంది ఆమె. మొదటి బండను ఎవరూ గమనించలేదు. గమనించనందువల్ల రెండోది తేలికైంది. మూడోదానికి పవన్‌కుమార్ ఆఫీసులోనే ఉన్నా పిలవలేదు. ప్రతిసారీ రమేష్‌కు అదే మాట చెప్పింది, ప్రతిసారీ అతడు నమ్మాడు.

"ఇది గాక ఎనిమిది సార్."

రమేష్ అప్పుడు మొదటిసారి ఆమె వైపు చూశాడు. అన్నింటి కిందా ఉన్నది అతడి సంతకమే.

"ఎనిమిదా, చెల్లె?" అన్నాడు మెల్లగా. తన కుర్చీని ఆమెకు కొంచెం దూరంగా జరుపుకున్నాడు.