చెమట పట్టిన గ్లాసు

మొగుడి నోట 'తెలీదు' అన్న మాట ఒక్కసారైనా వినాలని మాలకొండమ్మ పెళ్ళయిన కొత్తలో ఎదురుచూసింది. తరువాత ఆ ఆశ వదులుకుంది. ఓబులయ్య కర్నూల్లో నాలుగో ఫారం దాకా చదివి, అది తప్పి, రాచర్ల పక్కనున్న సొంతూరికి తిరిగొచ్చిన మనిషి. తప్పిన సంగతి ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. మద్రాసులో గవర్నరు పొద్దున్నే ఏం తింటాడో కూడా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. చుట్టూ చేరినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. మాలకొండమ్మకు చెప్పేవాడి మీద ఎంత రోతో, వినేవాళ్ళ మీదా అంతే రోత.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చెన్నమ్మ. ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. కంటబడిన ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది.

"నాయనా, మెరుపు ముందొచ్చి ఉరుము ఎనక ఎందుకొస్తది?"

"దొర ముందొస్తాడు, బంట్రోతు ఎనకొస్తాడు. అంతే."

"చీమ గోడ మీద నుంచి ఎందుకు పడదు?"

"దాని కాళ్ళకు మేకులుంటయి."

పిల్ల ఆ జవాబు పట్టుకుని తల్లి దగ్గరికి వచ్చేది. "అమ్మా, నిజమేనా?" అని అడిగేది. పిల్ల ముందు తండ్రిని తక్కువ చేయడం ఎందుకని, "మీ నాయన చెప్పినాడు గదా" అని మాలకొండమ్మ తప్పుకునేది. అలా తప్పుకున్న ప్రతిసారీ నోట్లో ఏదో చేదు తగిలినట్లుండేది.

ఆ ఏడు కురిచేడులో కోటయ్య కొత్త మిద్దె కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. కోటయ్య మిరపకాయల వ్యాపారి, ఓబులయ్యకు మేనమామ కొడుకు. గిద్దలూరులో రైలెక్కి ముగ్గురూ వెళ్ళారు. కోటయ్య గొప్ప కోసం గుంటూరు నుంచి రైల్లో ఐసు తెప్పించాడు. రంపపు పొట్టులో కప్పి, గోనెపట్టాల్లో చుట్టిన ఐసు గడ్డల్ని పెరటి వసారాలో పెట్టారు. వాటిని పగలగొట్టి ఎర్రటి షరబత్తులో వేసి, గాజు గ్లాసుల్లో అందరికీ ఇచ్చారు.

మగవాళ్ళంతా ముందు వసారాలో చాపల మీద కూర్చున్నారు. చెన్నమ్మ తండ్రి పక్కన చేరి గ్లాసునే చూస్తోంది. మాలకొండమ్మ లోపలి గడప దగ్గర ఆడవాళ్ళతో నిలబడింది.

"నాయనా, గ్లాసు బయట నీళ్ళెట్ల వచ్చినయి?"

ఓబులయ్య గొంతు సవరించుకున్నాడు. "గాజుకు కంటికి కనపడని బొక్కలుంటయి. మన తోలుకు లేవా? అట్లనే. లోపలియి ఊరి బయటికొస్తయి."

"అబ్బ! ఎంత బాగా చెప్పినావు బావా!" అన్నాడు కోటయ్య. తక్కినవాళ్ళు తలలూపారు. గాడిద పళ్ళ గురించి చెప్పినా ఈ తలలు ఇలాగే ఊగుతాయనుకుంది మాలకొండమ్మ.

చెన్నమ్మ గ్లాసు బయటి తడిని వేలితో తీసి తండ్రి తెల్లటి ఉత్తరీయానికి రాసింది. మరో వేలు షరబత్తులో ముంచి దాని పక్కనే రాసింది. ఒకచోట వట్టి తడి, ఇంకోచోట ఎర్రటి మరక.

"లోపలియి ఎర్రగుండాయి. బయటియి తెల్లగున్నయేంది నాయనా?"

ఓబులయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. "రంగు దొడ్డుగుంటది, బొక్కలో పట్టదు. నీళ్ళు సన్నం గనక దూరతయి."

"మరి తీపో? అదీ దొడ్డుదేనా? నాకి చూసినా. బయటియి చప్పగుండాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబులయ్య పిల్ల చెంప మీద ఒక్కటిచ్చాడు. "కొత్త ఉత్తరీయం ఖరాబు చేస్తావా?" అన్నాడు. అడిగినందుకు కొట్టానని ఒప్పుకునే ధైర్యమైనా లేదు వీడికి అనుకుంది మాలకొండమ్మ. ఏడుస్తూ వచ్చిన పిల్లను పెరట్లోకి తీసుకుపోయింది.

వెక్కిళ్ళ మధ్యే చెన్నమ్మ మళ్ళీ అడిగింది. "అమ్మా, ఆ నీళ్ళు ఎక్కడియి?"

"నాకు తెలీదు" అంది మాలకొండమ్మ.

పిల్ల ఏడుపు ఆపి తల్లి ముఖంలోకి చూసింది. పెద్దవాళ్ళ నోట ఆ మాట వినడం దానికి అదే మొదలు.

"మీ నాయనకూ తెలీదు. పా, చూద్దాం."

ఖాళీ గ్లాసు ఒకటి తెచ్చి ఐసు గడ్డల మీద బోర్లించారు. కాసేపటికి పైకెత్తారు.

"ఐసు తడి అంటింటది. తుడువు ముందు" అంది తల్లి.

చెన్నమ్మ పావడా అంచుతో లోపలా బయటా పొడిగా తుడిచి అరుగు మీద పెట్టింది. చూస్తూ ఉండగానే గాజు మసకబారింది. మసకలోంచి సన్నటి చుక్కలు లేచాయి.

"లోపల ఏం లేదమ్మా! ఐనా చెమట పట్టింది!"

"మరి దాని చుట్టూ ఏముంది?"

"ఏం లేదు." పిల్ల గ్లాసు చుట్టూ చేయి తిప్పింది. "గాలి... గాలిలో నీళ్ళుంటయా అమ్మా?"

"అట్లనే అనిపిస్తాంది నాకు."

వక్క కోసం లేచి పెరటి వైపు వచ్చిన ఓబులయ్యకు పిల్ల ఎదురుపరుగెత్తి అంతా చెప్పింది. దెబ్బ సంగతి అప్పుడే మరిచిపోయింది. అతను గ్లాసు వైపు చూసి, "దీనికేనా ఇంత? నేను చెప్పిందీ అదే గదా" అని వెళ్ళిపోయాడు. మరు నిమిషమే ముందు వసారాలోంచి అతని గొంతు వినపడింది. "గాలిలో నీళ్ళుంటయి బావా. సల్లటి గాజు తగిలితే బయటపడతయి. దీన్ని ఇంగిలీసు పుస్తకాల్లో రాసినారు."

"ఏం చదువు బావా నీది!" అంటున్నాడు కోటయ్య. బొక్కల మాట ఒక్కడికీ గుర్తు లేదు.

చెన్నమ్మ ముఖం ఎర్రబడింది. "అమ్మా, నాయన అబద్ధం చెప్తాండాడు."

మాలకొండమ్మ ఈసారి తప్పుకోలేదు.

"అవును" అంది.

తిరుగు రైల్లో చెన్నమ్మ కిటికీ పక్కన కూర్చుంది. దగ్గరి చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయి, దూరాన నల్లమల కొండలు మాత్రం కదలీకదలనట్లున్నాయి. ఎందుకని అడిగింది. ఓబులయ్య గొంతు సవరించుకున్నాడు.

"నిన్ను గాదు నాయనా. అమ్మను అడుగుతాండా."

"తెలీదు" అంటూ మాలకొండమ్మ కిటికీ దగ్గరికి జరిగింది. "ఇటు జరుగు, ఇద్దరం చూద్దాం."

ఓబులయ్య కాసేపు తన ఉత్తరీయం మీది ఎర్రటి మరకను గోటితో గీకాడు. తరువాత ఎదురు బల్ల మీద కూర్చున్న ముసలాయన వైపు వంగి, ఐసు ఎట్ల తయారవుతుందో చెప్పడం మొదలుపెట్టాడు.